దశాంశం దగ్గర ఒంటికాలు

శ్రావణం వస్తే చాలు
మా ముక్కామల గ్రంథాలయంలో
కార్డుల బీరువా ఉబ్బుతుంది.
'క' సొరుగు లాగితే రాదు,
తన్నితే వస్తుంది,
వచ్చాక మళ్లీ పోదు.
కొవ్వొత్తి ముక్క రుద్ది, బతిమాలి, నెట్టాలి.

చాలా ఏళ్లు పిల్లలకి ఆ బీరువా
గొడుగులు ఆరబెట్టుకోడానికే పనికొచ్చింది.
పుస్తకం కావాలంటే నన్నడిగేవారు:
"నీలం అట్టదండి, లోపల ఏనుగుంటదండి."
నేనూ లేచి తెచ్చిచ్చేవాణ్ణి.
నా మోకాళ్లే వాళ్ల కేటలాగు.

మోకాళ్లు మొరాయించిన ఏడు
వసారా గచ్చు మీద సుద్దముక్కతో పది గళ్లు గీశాను.
తొక్కుడుబిళ్ల.
సున్నా నుంచి తొమ్మిది వందల దాకా, గడికో వంద.
బిళ్ల విసిరే ముందు సొరుగులోంచి కార్డు చూడాలి,
మూల మీది నంబరు వీధిలోకి వినపడేలా చదవాలి.
మొదటి అంకెకి రెండు కాళ్లూ ఆనొచ్చు.
తర్వాతి రెండింటికీ గెంతు.
చుక్క వచ్చిందా, ఒంటికాలు.
చుక్క తర్వాత ఎన్ని అంకెలుంటే అంతసేపూ అదే కాలు,
అక్కణ్ణించి అలమరలోకి పరుగు.
పుస్తకంతో తిరిగొస్తేనే గడి నీది.

ఆరు, మూడు, నాలుగు, చుక్క, ఆరు, ఒకటి: కొబ్బరి సాగు.
అందరికీ అదే కావాలి.
ఆ కార్డు అంచు మా ఊరి వేళ్ల నూనెకి
గాజులా మెరిసేది.

ఓ సాయంత్రం పెద్ద తగాదా.
చుక్క అరవయ్యొకటి ముందా, చుక్క ఏడు ముందా?
"అరవయ్యొకటి పెద్దది కదేటి!" అని తాతారావు.
పేరు తాతారావే గాని ఆరో తరగతి.
పల్లాలమ్మ ఒంటికాలి మీదే నిలబడి అంది:
"అరవయ్యొక్క పైసలు పెద్దా, డెబ్బై పైసలు పెద్దా?
మా అమ్మ పీచు కూలీ లెక్క నేనే చూస్తాన్రా."
బళ్లో బెత్తానికి రాని దశాంశం
వాడికి ఆ పూట వచ్చింది.
ఓటమి మాత్రం ఇంకలేదు.

మర్నాటి నుంచి కొబ్బరి పుస్తకం లేదు.
కార్డు ఉంది, చోటు ఉంది,
చోటులో వేలెడు చీకటి.
ఎరువు తీసుకెళ్లలేదు. ఎలక కొట్టలేదు.
చెదలు పడితే మట్టైనా మిగలాలి కదా.
పుస్తకం పోవడానికి ఊరు దాటక్కర్లేదు,
రెండు అలమరలు దాటితే చాలని
ముప్పయ్యేళ్ల ఉద్యోగంలో నాకు తెలుసు.
ఎవరు దాటించారో తెలీదు.

ఆశ్వయుజంలో, జోరు వానలో,
వరహాలరావు గారొచ్చారు. తలమీద గోనె, చేతిలో
కొమ్ముపురుగు తొలిచిన మొవ్వు.
"నలభై చెట్లండి. పుస్తకంలో ఏదైనా ఉంటాదేమో అన్నారండి."
నేను సొరుగు తన్ని, కార్డు చూపించి,
అలమర చూపించి, ఆ చీకటి చూపించి
తల దించుకున్నాను.
ఆయన మొవ్వుని బల్ల మీద పెట్టారు.
అందులోంచి పిండిలాంటిది రాలింది.

వసారాలో తాతారావు లేచాడు.
గళ్లు ఎప్పుడో కడుక్కుపోయాయి.
అయినా లేని ఆరొందల్లో రెండు కాళ్లూ ఆన్చి,
వెనక్కి తిరిగి,
ఐదొందలు, నాలుగొందలు, మూడొందలు
గుర్తు మీదే గెంతుతూ
రెండొందల్లో ఆగాడు.
తడి గచ్చు మీద ఒంటికాలు.
కాలు వణుకుతోంది, చెవులు ఎర్రబడ్డాయి,
నావంక చూడడు.
అలాగే కుంటుకుంటూ లోపలికెళ్లి
వ్రతకథల వెనక నుంచి
కొబ్బరి సాగు తెచ్చి
ఆయన చేతికి కాదు, మొవ్వు పక్కన పెట్టాడు.

వరహాలరావు గారు అటూ ఇటూ చూసి
గొంతు తగ్గించి అడిగారు:
"కుర్రాడికి కాలికేవైందండి?"

"ఏం లేదండి," అన్నాను
తారీకు ముద్ర వేస్తూ.
"చుక్క దాటాడు."